ఆ నుసి ఆయనది కాదు

పద్దెనిమిదేళ్లుగా ఒక మాట నా గొంతులో ఉండిపోయింది. అన్నంతో పాటు మింగుదామంటే దిగలేదు. ఏడిస్తే బయటికి రాలేదు. నాకు సంతకం వరకే వచ్చు, అందుకే నేను చెబుతుంటే ఇంకొకరు రాస్తున్నారు. గుండె ఆపరేషన్ అయిన బిడ్డను ఇంటికి తీసుకెళ్లబోతున్న అమ్మా, నాన్నా, మీకు నాలుగు ధైర్యం మాటలు చెప్పమని ఈ ఆసుపత్రివాళ్లు నన్ను పిలిచారు. చెబుతాను. ముందు ఇది చెప్పనివ్వండి.

మా అశ్వినికి అప్పుడు మూడేళ్లు. గుండెలో రంధ్రం మూసి, రొమ్ము మధ్య కుట్లు వేశారు. ఇంటికి పంపే ముందు సిస్టర్ మా ఇద్దరినీ కూర్చోబెట్టి ఒక గుడ్డబొమ్మ చేతికిచ్చింది. చంకల్లో చేతులేసి లేపొద్దు, ఒక చెయ్యి పిరుదుల కింద, ఒకటి వీపు కింద పెట్టి లేపాలని నేర్పింది. మా ఆయన మగ్గం మనిషి. తెగిన పోగును చూడకుండానే ముడేసే వేళ్లు, ఆ బొమ్మ దగ్గర వణికాయి. మూడుసార్లు చేసి చూపించాడు. నాలుగోసారి తనే అడిగి మరీ చేశాడు. సిస్టర్ నవ్వింది.

తర్వాత దుమ్ము సంగతి వచ్చింది. ఆయన ఒళ్లంతా కార్ఖానా దూది నుసి కదా, బట్టలు బయటే విడిచి, స్నానం చేశాకే పాపను ముట్టుకోవాలంది. నన్ను, ఇంట్లో బీడీలు చుడతావా అని అడిగింది.

మానేశానన్నాను.

మానలేదు. ఎక్కువ రోజులు చుట్టకపోతే బీడీ కంపెనీవాళ్లు కార్డులోంచి పేరు కొట్టేస్తారని భయం. అంతేనా? పదేళ్ల వయసు నుంచి ఆడుతున్న వేళ్లు ఊరికే ఉండలేకపోయాయి, అది కూడా నిజం. నీలం నగర్‌లో మాది ఒక్కటే గది. ఆయన పనికి వెళ్లగానే తలుపు దగ్గరికి వేసి, పాప పడుకున్న మంచం పక్కనే చాట ముందేసుకునేదాన్ని. ఆకు, తంబాకు, దారం. ఆ దుమ్ముకు పాప నిద్రలో తుమ్మేది. చూశాను. చూసి చాటను ఇంకో మూలకు జరిపాను, అంతే. గది ఎంతని, మూల ఎంత దూరమని? సాయంత్రం ఆయన వచ్చేలోపు చాట మంచం కిందికి పోయేది, నేలంతా తడిగుడ్డ పెట్టేదాన్ని. ఇల్లు ఎంత శుభ్రంగా ఉంచుతున్నావని ఆయన మెచ్చుకునేవాడు.

మూడో వారంలో పాపకు దగ్గు, జ్వరం పట్టుకున్నాయి. ఊపిరి తీస్తుంటే పక్కటెముకల దగ్గర గుంటలు పడుతున్నాయి. సిస్టర్ చెప్పిన గుర్తులే. పరిగెత్తాం. ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరిందన్నారు. వరండాలో ఆయన గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

"నాదే తప్పే," అన్నాడు. "మొన్న సోమవారం అది బాపూ బాపూ అని ఏడుస్తుంటే ఆగలేకపోయిన. అంగి ఇడ్వకముందే ఎత్తుకున్న."

నేను నోరు తెరవాల్సింది అప్పుడే. తెరిచాను కూడా. ఏమన్నానో తెలుసా?

"ఇంకోపారి అట్ల చెయ్యకు."

ఊరుకున్నా బాగుండేది.

పాప బతికింది. చాట తీసుకెళ్లి మా అమ్మ ఇంట్లో పెట్టేశాను, ఆ తర్వాత ఏ బీడీ చుట్టినా అక్కడే. కానీ ఆయన స్నానం ఆగలేదు. కుట్లు మానాయి, పాప బడికి పోయింది, నాకంటే ఎత్తు పెరిగింది, ఆయన మాత్రం చలికాలంలో కూడా వాకిట్లో నల్లా కింద ఒళ్లు తోముకోకుండా గడప దాటలేదు. పాప తువ్వాలు పట్టుకుని లోపల నిలబడి, చెవుల వెనుక ఇంకా ఉంది, అక్కడ తోము అని హుకుం చేసేది.

"ఏంది అల్లుడా, రోజు పెండ్లేనా నీకు?" అనేది ఎదురింటి ముసలామె.

"మా డాక్టరమ్మ లోపల కూసున్నది అత్తా. పాస్ కావాలె గద," అనేవాడు.

రొట్టె కాలుస్తూ నేనూ నవ్వేదాన్ని. ఎట్లా నవ్వగలిగాను?

ఆయనకు తెలుసా? తంబాకు వాసన నా చేతులను ఏనాడు వదిలింది గనక? తెలిసే తన మీద వేసుకున్నాడా, లేక నా మీద అనుమానమే రాలేదా? ఏది నిజమైతే నాకు తేలికో, అది కూడా నాకు తెలియదు.

నిరుడు ఆయన మంచాన పడ్డాడు. చివరి రోజుల్లో ఒక పూట అశ్విని ఆయన రొమ్ము మీద తల పెట్టబోయింది. ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఆగు బిడ్డా, తానం చెయ్యలే."

అది ఏడుస్తూనే నవ్వింది. నేను నీళ్ల గ్లాసు పట్టుకుని అక్కడే ఉన్నాను. అప్పుడైనా చెప్పలేదు.

ఏ దుమ్ము వల్ల అని డాక్టరు తేల్చలేదు. ఆయనది ఒక్క సోమవారం. నావి అన్ని మధ్యాహ్నాలూ.

బిడ్డను ఎత్తుకోవడం, మందు కొలిచి పోయడం, అన్నీ మీకు వచ్చేస్తాయి. అంత వణికిన మా ఆయనకే వచ్చాయి. ఇంట్లో ఏం పని చేస్తారని సిస్టర్ అడిగితే మాత్రం ఉన్నది ఉన్నట్టు చెప్పండి. ఆమె మిమ్మల్ని తిట్టదు. దానికి కూడా ఏదో దారి చెబుతుంది. నేను అడగనే లేదు.

దీన్ని ఇక్కడ చదివి వినిపించేటప్పుడు అశ్విని కూడా వింటుంది. విననివ్వండి. బిడ్డా, మీ బాపు అంగి మీది నుసి కాదు. నా చాటలోది.

ఇక రాసింది చాలు. కొంచెం నీళ్లివ్వండి.