తవిటమ్మ పేజీ

మొన్న మా మనవరాలు, రాజాంలో బీకాం చదువుతున్న పిల్ల, కంప్యూటరులో కొట్టు లెక్కలు రాయడం నేర్చుకుంటూ ఒక పద్దు తప్పు రాసి, ఒక్క మీట నొక్కి దాన్ని మాయం చేసేసింది. తప్పు జరిగిన జాడ కూడా మిగల్లేదు. అదేమిటే అలా చెరిపేశావు అని నేను గాభరాపడితే నవ్వి ఊరుకుంది. మన కాలంలో చిట్టాలో అంకె చెరిపితే ఆ మనిషిని దొంగలా చూసేవారని మీలో లెక్కలు రాసినవాళ్లకు నేను చెప్పనక్కర్లేదు.

నేను ఇంటరు పాసై ఖాళీగా ఉంటే, చీపురుపల్లి స్టేషను రోడ్డులో గోగునార కొట్టు నడిపే మా మేనమామ, తనకు చూపు మందగించిందని నన్ను లెక్కలకు కూర్చోబెట్టాడు. ఏ రోజు బేరాలు ఆ రోజు చిట్టాలో వరసగా రాసుకోవాలి, దీపాలు పెట్టేవేళకు వాటినే మనిషికొక పేజీ ఉన్న పెద్ద పుస్తకంలోకి, అంటే ఆవర్జాలోకి, ఎక్కించాలి. ఆ మనిషి కొట్టుకు తెచ్చిన నార విలువ ఎడమవైపు జమ, పట్టుకెళ్లిన డబ్బు కుడివైపు ఖర్చు. మనిషికొక పేజీ అన్నాను గాని, నిజానికి ఇంటికొక పేజీ, అదీ మగవాడి పేరున. నా జీతం కూడా మా నాన్న పేజీలోనే పడేది, అందులో వింతేముందో నాకప్పుడు తోచలేదు.

గోగు కట్టలు చెరువులో ఊరవేశాక నార ఒలవడం ఆడవాళ్ల పని. ఆ కంపునీళ్లలో పొద్దంతా నడుంలోతున నిలబడితే, కూలి కింద కొంత నార ఇచ్చేవారు. అలా వచ్చిన నారను ఏళ్ల తరబడి మా కొట్టుకు మోసుకొచ్చే ఒకావిడ, ఆ డబ్బంతా మా దగ్గర దాచుకున్నానన్న నమ్మకంతో ఒకనాడు వచ్చి సొమ్ము అడిగింది. కూతురికి విజయనగరంలో నర్సు చదువుకు సీటొచ్చింది, ఆ వారంలో ఫీజు కట్టకపోతే సీటు పోతుంది. నేను వాళ్లింటి పేజీ తీసి చూస్తే ఇవ్వడానికి పైసా లేదు. ఎడ్ల కోసం ఆవిడ భర్త మా మామయ్య దగ్గర చేసిన అప్పులోకి ఆ నారంతా జమపడిపోయింది. నేను మామయ్యను పిలిస్తే, ఆ మాట తనే చెప్పాడు.

ఆవిడ ఏడవలేదు, కేకలు వేయలేదు. "ఎడ్లు ఆడు కొన్నాడు బాబూ. నార నాను ఒలిసినాను," అని కొట్టు అరుగు మీద కూర్చుండిపోయింది. మా మామయ్య పైసా దగ్గర మహా గట్టివాడే గాని అన్యాయం ఓర్చుకోలేని మనిషి. ఇంటికొక పేజీ అన్న పద్ధతి తాతల నాటిదని తనలో తనే గొణుక్కుంటూ లోపలికీ బయటికీ తిరిగి తిరిగి, చివరికి ఆ భర్తకు కబురంపాడు. అతను పొలంలోంచి బురద కాళ్లతోనే వచ్చి, సంగతంతా విని, తువ్వాలు నలుపుకుంటూ నిలబడ్డాడు. పదిమందిలో పరువు తీసిందని పెళ్లాం మీద విరుచుకుపడతాడేమోనని భయపడ్డాను. అతనన్నది మాత్రం ఇంతే: "నా అప్పు నాను తీరుస్తాను. దాని సొమ్ము దానికిచ్చీండి బాబూ." ఆ మనిషికి ఇవాళ్టికీ మనసులో దణ్ణం పెట్టుకుంటాను.

పాత జమలు కొట్టేయడానికి వీల్లేదు గనక, మామయ్య చెబుతుంటే ఆ నార విలువంతా అతని పేజీలో ఖర్చు కింద తిరగరాశాను, దాంతో అతని అప్పు మళ్లీ పెరిగింది. అదే మొత్తాన్ని ఆవిడకు జమ వేద్దామని కొత్త పేజీ తీసి, అలవాటు కొద్దీ ఫలానా వారి భార్య అని మొదలుపెట్టబోయాను. ఆవిడ నా ఎదుటికొచ్చి కూర్చుని, "తవిటమ్మ అని రాయమ్మా," అంది. అన్నేళ్లుగా వస్తున్న మనిషి పేరు మాలో ఒక్కరికీ తెలియదు.

ఫీజు కట్టింది, పిల్ల చదువుకుంది. తవిటమ్మ ఆ తరవాత నార వేస్తూ, డబ్బు తీసుకుంటూ ఉండేది గాని, ఒక రూపాయి మాత్రం ఎప్పుడూ వదిలేసేది. ఉగాదికి కొత్త పుస్తకం మొదలుపెట్టేటప్పుడు నిలవ ఉన్న పేజీలే అందులోకి ఎక్కుతాయని ఎవరో చెప్పారట. "రూపాయుంటే నా పేరుంటాది కదమ్మా," అనేది. ఆ ధైర్యంతో నేనూ ఒక ఉగాదికి నా జీతానికి వేరే పేజీ కావాలన్నాను. "నీకూ కావాలేటే?" అని మామయ్య గుర్రుమన్నాడు గాని, ఇచ్చాడు.

గోగు వేసేవాళ్లు తగ్గిపోయి కొట్టు మూసేసినప్పుడు అందరి లెక్కలూ తేల్చేశాం. తవిటమ్మ కూడా వచ్చి, అక్షరం రాకపోయినా, పేజీ తెరవగానే తన పేరు మీద సరిగ్గా వేలు పెట్టింది. రూపాయి ఆవిడ చేతిలో పెట్టి, పద్ధతి ప్రకారం పేజీ కింద రెండు గీతలు గీశాను. "అయిపోనాదా అమ్మా?" అంది. అయిపోయిందని చెప్పి, సిరా ఆరేదాకా పుస్తకం మూయకుండా ఉంచాను.

ఇప్పుడు మా వైపు ఖాతా లేని ఆడమనిషి లేదు, బ్యాంకులో ఒకటి, పొదుపు సంఘంలో ఒకటి, ఫోనులో మరొకటి. ఇది ఎంత మంచి మార్పో తెలిసినదాన్ని గనక పాతరోజులే బాగున్నాయని అనను. కాకపోతే, నా బ్యాంకు పుస్తకం మీద నా పేరు అచ్చు వేసినవారెవరో నాకు తెలియదు, నేనెవరో వారికీ తెలియదు. తన పేరు మొదటిసారి కాగితం మీదకు వస్తుంటే ఊపిరి బిగబట్టి నా కలం వంకే చూస్తున్న ఒక మనిషి, ఆ చూపుకు బెదిరి అక్షరమక్షరం గుండ్రంగా దిద్దుతున్న నేను, అలా ఇద్దరు మనుషులు ఒక పేరు దగ్గర ఎదురెదురుగా కూర్చోవడం మాత్రం ఇప్పుడు ఎక్కడా కనపడటం లేదు.