పళ్ళెం స్కర్టుకు ఆది బట్ట

మా యారాలు ఫోన్ చేసి, "చెల్లె, నా బిడ్డకు సోలో ఇచ్చిన్రు" అన్నప్పుడు నేను పప్పుకు పోపు పెడుతున్నాను. "మంచిగైంది అక్కా" అన్నాను. పోపు మాడిపోయింది.

యారాలంటే మా ఆయన అన్న భార్య. అన్నదమ్ములిద్దరికీ ఉద్యోగాలు బహ్రెయిన్‌లోనే. వాళ్ళు వంతెన అవతల గలాలీలో సొంత వాకిలి ఉన్న ఇంట్లో ఉంటారు, మేము మా ఆయన ఆఫీసు సల్మాబాద్‌కు దగ్గరని ఒక ఫ్లాటులో ఉంటాం. ఊళ్ళో వాళ్ళకు ఇద్దరమూ దుబాయిలో ఉన్నట్టే లెక్క. ఆ రెండు ఇళ్ళకూ ఉన్న తేడా నాకు మాత్రం ప్రతి శుక్రవారం సెలవుకు వాళ్ళింటికి వెళ్ళినప్పుడల్లా తెలుస్తూనే ఉంటుంది.

ఆమె కూతురూ నా కూతురూ ఒకే క్లాసులో బ్యాలే నేర్చుకుంటున్నారు. ఆమె కూతురు ఏడాది పెద్దది, కాస్త ఒళ్ళున్న పిల్ల. ఏడాది చివర ప్రదర్శనలో ఆ పిల్లకు సోలో, మా పిల్లకు వెనక వరసలో గుంపులో చోటు. ఆ అక్క సోలో స్టెప్పులన్నీ మా పిల్లకు వచ్చు. వంటింట్లో ఫ్రిజ్ తలుపు పట్టుకుని రోజూ చేసేది. ఆ పాదాల చప్పుడు వింటూ నేను కూరలు తరిగేదాన్ని. మా పిల్ల చేస్తే ఏం తక్కువైందట? పక్షపాతం కాకపోతే!

అంతటితో అయిపోతే బాగుండేది. నేను ఇంట్లో బట్టలు కుడతానని అందరికీ తెలుసు. మర్నాడు యారాలు మళ్ళీ ఫోన్ చేసింది.

"గుంపుల పిల్లలకు పొడుగు స్కర్టులట, నా బిడ్డకేమో పళ్ళెం లెక్క నిలవడేటిదట. నువ్వే కుట్టాలె చెల్లె. నీ చెయ్యి పడితేనే మంచిగుంటది."

పొగుడుతుందో పని అంటగడుతుందో ఆమె మాటల్లో ఎప్పుడూ తేలదు. సరేనన్నాను. ఫోన్ పెట్టేశాక ఒళ్ళు మండిపోయింది.

ఆ స్కర్టును టూటూ అంటారు. ఎలా కుట్టాలో చూద్దామని ఫోన్లో వెతికితే దాని చరిత్ర దొరికింది. నిజం చెప్పాలంటే కుట్టు కంటే చరిత్ర మీదే నాకు ఆసక్తి పెరిగింది, ఎందుకంటే మొదట పుట్టింది పొడుగుదేనట. పారిస్‌లో తెల్లటి పల్చటి బట్టతో, గంట ఆకారంలో, పిక్కల దాకా ఉండేదట. స్టేజీ మీది గ్యాసు దీపాలకు ఆ బట్ట అంటుకుని ప్రాణాలు పోగొట్టుకున్న అమ్మాయిలు కూడా ఉన్నారు. అంత కథ ఉన్న స్కర్టు మా పిల్లది. పొట్టిది తర్వాతెప్పుడో వచ్చింది. ఈ ముక్క యారాలి చెవిన ఎలా వెయ్యాలా అని సంబరపడుతూ ఇంకాస్త కిందికి చదివాను. నర్తకుల కాలి పని కష్టమయ్యేకొద్దీ, ఆ పాదాలు జనానికి కనపడాలని స్కర్టును పైకి, ఇంకా పైకి కత్తిరించుకుంటూ వచ్చారట. చివరికది నడుము కింద పళ్ళెంలా నిలబడింది. అంటే, చూడదగ్గ కాళ్ళున్న పిల్లకే పొట్టిది. ఫోన్ బోర్లా పెట్టేశాను.

ఆ స్కర్టులకు కావాల్సిన నెట్టు బట్ట కోసం మనామా బజారుకు వెళ్తే దుకాణం భాయ్ "సఫేద్ ఖలాస్", తెల్లది అయిపోయిందని చేతులు ఊపాడు. మూడో దుకాణంలో దొరికింది. మనం లెహంగాల లోపల వేసే క్యాన్‌క్యాన్ నెట్టే అది. ముందు మా పిల్ల పొడుగుది కుట్టేశాను. పెరిగే పిల్ల కదా అని మడమల దాకా వదిలాను.

పళ్ళెం స్కర్టు మాత్రం చుక్కలు చూపించింది. లెహంగాలా నడుము దగ్గర కుచ్చు పెడితే గొడుగులా వాలింది. విప్పి, తుంటి మీద బిగుతుగా ఉండే లంగోటీ లాంటి ముక్కకు ఒక్కో పొర కుట్టాను. అన్నిటికంటే కింద చిన్న పొర, పైకి పోయేకొద్దీ పెద్ద పొర. మధ్యలో చుట్టూ ఉక్కు తీగ దూర్చాను. అప్పుడు నిలబడింది. పైన ఒంటికి పట్టే రవికె భాగం కలిపి, చివర్లో వెనక హుక్కులు పెట్టాను.

కొలతకు యారాలు ఆది పంపింది. క్లాసులో వేసుకునే నల్ల లియోటార్డు, ఒంటిని పట్టుకుని ఉండే బనీను లాంటిది. ఆది బట్ట చేతిలో ఉంటే నేను టేపు ముట్టను. మా అమ్మ అలాగే కుట్టేది, నేనూ అంతే. ఆ పిల్ల గలాలీలో ఉంటుంది కాబట్టి మధ్యమధ్యలో మా పిల్లకే తొడిగి, వెనక పిన్ను పెట్టి, వాలుతుందా లేదా అని చూసేదాన్ని. అది అద్దం ముందు నుంచి కదిలేది కాదు.

"ఇంకొక్కసారి ఏస్కుంటనే అమ్మా."

"నీది కాదు, తియ్," అనేదాన్ని. అలా అన్నప్పుడల్లా నాకే కడుపు మండేది.

శుక్రవారం అందరం గలాలీ వెళ్ళాం. యారాలు కూతురికి స్కర్టు తొడిగింది. హుక్కులు అందలేదు. నాలుగు వేళ్ళ ఎడం మిగిలింది. యారాలు దాన్ని విప్పి, మా పిల్లను పిలిచి తొడిగింది. అచ్చు గుద్దినట్టు సరిపోయింది.

"ఎవరి కొలతకు కుట్టినవ్ చెల్లె?" అంది. మా బావగారు పేపర్ దించి నావైపు చూశారు.

"నువ్వు పంపిన ఆదికే అక్కా."

"సరేతియ్," అంది. ఆ ఒక్క మాటలో నన్ను దొంగను చేసింది. నేను ఓర్వలేనిదాన్నే, కాదనను. కానీ కుట్టులో మోసం చేసేదాన్ని కాదు.

వంతెన మీదుగా ఇంటికి వస్తుంటే కారులో వెనక సీటు నుంచి మా పిల్ల అంది, "అమ్మా, ఆ ఆది నాదే. అక్క బ్యాగుల కలిసిపోయింది. లోపల లేబుల్ మీద నేను గోళ్ళరంగు చుక్క పెట్టుకున్న."

"మరి చెప్పవేందే?"

"చెప్తే నాకు తొడిగి చూడకపోదువు."

మా ఆయన నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. నా కుళ్ళంతా మా పిల్లకు ఎప్పుడు అంటుకుందో తెలియలేదు.

ఇంటికి రాగానే యారాలికి ఫోన్ చేసి బ్యాగుల సంగతి చెప్పాను. "గట్లనా, కానీలే," అంది, నమ్మనట్టే. తీగ విరిగిపోయిందని చెప్పి ఆ స్కర్టును అటక మీద పడేద్దామా అని నాకు అనిపించింది, చాలాసేపు అనిపించింది. తర్వాత కత్తెర తీసుకుని వెనక కుట్లు విప్పాను. తీగ బయటికి లాగాను. రెండు పక్కలా రెండేసి వేళ్ళ కొత్త ముక్కలు కలిపి, తీగ మళ్ళీ దూర్చాను. మా పిల్ల నెట్టు పట్టుకుని కూర్చుంది. ఇక అది తన ఒంటికి సరిపోదని దానికి తెలుసు.

ప్రదర్శన రోజు ఆ పళ్ళెం ఇంత కూడా వాలలేదు. దాని కింద ఆ పిల్ల పాదాలు చకచకా ఆడుతుంటే హాలంతా చప్పట్లు. పక్కన యారాలు కళ్ళు తుడుచుకుంటోంది. నేను వెనక వరసకేసి చూస్తున్నాను. గుంపులో పిల్లలంతా చేతులు చాపి కదలకుండా నిలబడాలి. మా పిల్లా అలాగే నిలబడింది, చేతులు చక్కగా చాపే ఉన్నాయి. దాని స్కర్టు అంచు మాత్రం వణుకుతోంది. ఆ వణుకు తాళం నాకు తెలుసు, రోజూ వంటింట్లో విన్నదే. అక్క సోలో మొత్తం, మొదటి అడుగు నుంచి చివరి అడుగు దాకా, ఆ పొడుగు నెట్టు కింద, నిలబడ్డ చోటే, మా పిల్లా చేసింది.

బయట వరండాలో అందరూ యారాలి కూతురి చుట్టూ చేరి ఫోటోలు దిగుతున్నారు. మా పిల్ల నా దగ్గరికి వచ్చి మెల్లగా అడిగింది.

"ఎవరికన్న కనవడ్డదా అమ్మా?"

టీచరు తిడుతుందని భయపడి అడుగుతోందనుకున్నాను. "లేదు బిడ్డా, ఎవరికీ కనవడలే," అన్నాను.

దాని మొహం వాడిపోయింది. "నీకు గూడనా?"

అక్కడే నేల మీద కూర్చుని, నా చీర కుచ్చిళ్ళకూ కొంగుకూ ఉన్న పిన్నులన్నీ తీసేశాను. దాని స్కర్టును మోకాళ్ళ పైదాకా మడిచి చుట్టూ గుచ్చాను.

"ఇప్పుడు చెయ్యి," అన్నాను.