తుండుగుడ్డ కింద బేరం

వెంకటరామప్ప మొదటి గెలుపు ఏదంటే, తన్నే ఆవును తన్నుతుందని వదిలించుకున్న ఆసామికే ఏడాది తిరక్కముందే తిరిగి అమ్మడం. అప్పటికి ఆయనకు మీసమైనా సరిగా రాలేదు. తన్నులు తిని, తవుడు పెట్టి, ఆవును మచ్చిక చేసి, పొదుగు కింద కూర్చుని చూపించి మరీ అమ్మాడు. ఆసామి ఇంటికి పోయాక గుర్తుపట్టాడు గానీ తిరిగి తేలేదు. ఆవు తన్నడం మానేసింది మరి!

పశువుల సంతలో ధర నోటితో చెప్పరు. ఇద్దరూ చేతులు కలిపి, పైన తుండుగుడ్డ కప్పి, వేళ్ళు నొక్కుకుంటూ బేరమాడతారు. చుట్టూ ఉన్నవాళ్ళకు మొహం చూసినా ధర తెలియకూడదు. ఆ విద్యలో వెంకటరామప్పకు సాటి లేదు. బేరం నడుమ తేలు కుట్టినా ఆయన రెప్ప కదపలేదని ధర్మపురి జిల్లాలో మారండహళ్ళి దాకా చెప్పుకుంటారు. బేరం ముగిశాక ఆయన పెట్టిన కేక సంగతి మాత్రం భార్య అంకాలమ్మ ఒక్కతే చెబుతుంది.

అలాంటి మనిషికి డెబ్బై దాటాక పేర్లు జారిపోసాగాయి. ఆవుల పేర్లన్నీ ఉన్నాయి, అంకాలమ్మ పేరే లేదు. "ఏమమ్మా, ఎవరింటికి వచ్చినారు?" అని ఆమెనే అడిగేవాడు. కాపురానికి వచ్చింది మొదలు ఎరగని ఆ మర్యాద విని ఆమెకు భయం పుట్టింది.

కొడుకు తిరుమలేశ్ ఇద్దరినీ బెంగుళూరు ఆస్పత్రికి తీసుకుపోయాడు. అక్కడి డాక్టరు చిత్రదీ వీళ్ళ ధర్మపురి వైపే. అల్జీమర్స్ అని అనుమానంగా ఉందని చెప్పింది.

"మెదడులో ఊళ్ళు ఉండాయనుకో పెద్దమ్మా. మారండహళ్ళి ఉంది, హొసూరు ఉంది. నడుమ బస్సులు ఒక్కొక్కటే నిలిచిపోతా వస్తాయి, ఊళ్ళూ మెల్లగా పాడుబడతాయి. ఏ బస్సు ఇంకా తిరగతా ఉందో స్కాన్‌లో చూడాల."

"నా ఊరికి బస్సు ఉందేమో చూడు తల్లీ," అంది అంకాలమ్మ.

స్కాన్‌లో తల కదపకుండా పడుకోవాలి. యంత్రం మోత మొదలవగానే వెంకటరామప్ప, "దూడకు తాడు బిగుసుకొనిందిరా!" అని లేచి కూర్చున్నాడు. రెండోసారీ అదే కథ. బొమ్మ చెదిరిపోయింది.

"ఇంకొక్క తడవే చూస్తాం," అన్నాడు యంత్రం నడిపే ధనశేఖర్. "కుదరకపోతే ఇంటికి పిలుచుకొని పొండి."

"నేను ఆయన పక్కన కూర్చుంటాను," అంది అంకాలమ్మ.

"ఒంటి మీద నగ ఉండకూడదు అవ్వా."

కమ్మలు, ముక్కుపుడక, మెట్టెలు ఊడి వచ్చాయి. తాళి దగ్గర ఆమె ఆగింది.

"మొగుని కోసరం మొగుడు కట్టిందే తీయమంటావా?"

చివరికి మెడలో పసుపుకొమ్ము దారం వేసుకుని, తాళి కొడుకు చేతిలో పెట్టింది. "దీన్ని యాడన్నా పెట్టి మరిచినావో, నిన్నూ ఈడనే చేర్పిస్తాను!"

లోపల ఆయన చేతి మీద దుప్పటి కప్పి, కింద తన చెయ్యి దూర్చి రెండు వేళ్ళు నొక్కింది. అంతే, ఆయన మొహం రాయి అయిపోయింది. ఆడవాళ్ళు సంతలో బేరమాడింది లేదు, ఆమెకు ఆ లెక్క తెలియదు. తోచిన వేలు నొక్కింది. ఆయన తోసేశాడు. ఆమె మళ్ళీ నొక్కింది. యంత్రం డప్పులా మోగుతున్నా తల కదలలేదు. ధనశేఖర్‌కు బొమ్మ దొరికింది.

బయటికి రాగానే వెంకటరామప్ప మండిపడ్డాడు. "ఇట్లా కూడా అడుగుతారా బేరం? కొమ్ములకే చాలదు ఆ ధర!"

"అడిగింది ఎవరు పెద్దాయనా?" అంది చిత్ర.

"ఇంకెవరు, మా అంకాలు! పేడ ఎత్తి ఎత్తి వంగిన వేలు నాకు తెలీదా?" అని, ఎదురుగా నిలబడ్డ అంకాలమ్మ వైపు తిరిగాడు. "మీరే చెప్పండమ్మా, న్యాయమా ఇది?"

"అన్యాయమే," అంటూ ఆమె ఆ చెయ్యి మళ్ళీ పట్టుకుంది. "పెంచమని చెప్తానులే."

జబ్బు పోయేది కాదని, మందు కుదిరేదాకా అక్కడే ఉంచాలని చిత్ర తేల్చింది. చెయ్యి మాత్రం వదలొద్దంది. ఆయన వచ్చేదాకా సంతలో ఆయన పేరు చెప్పి ఎవరూ బేరం చేయకూడదని అంకాలమ్మ ఊరికి కబురు పంపింది. చిత్ర వేసిన లెక్కన ఆయన తిరిగి వచ్చేది ఆగస్టు పద్నాలుగు, శుక్రవారం.