ఇన్నమ్మగారు వాయిదా వేయించిన పరీక్ష

ఈ ఉదయం నిమ్మతొక్క గీరగానే వచ్చిన ఘాటుకి రేపల్లెలో, నేను అత్తయ్యగారని పిలిచే ఇన్నమ్మగారి వంటగది గుర్తొచ్చింది. ఆమె ఇటలీలో ఒక వృద్ధాశ్రమంలో పద్నాలుగేళ్లు నర్సుగా పనిచేసి తిరిగి వచ్చారు. 1988లో నేను తెనాలిలో నర్సును. అదే ఆశ్రమంలో ఉద్యోగం కావాలంటే ఇటాలియన్‌లో మాట్లాడే పరీక్ష నెగ్గాలి. వయసు ముప్పయ్యైదు నిండకూడదు. నాకప్పటికే ముప్పైనాలుగు దాటాయి. ఆ భాష నేర్చుకోవడానికి ఆదివారం ఆదివారం ప్యాసింజరు బండిలో రేపల్లె వెళ్లేదాన్ని.

ఆవిడ నా చేతిలో ఒక వస్తువు పెట్టి, దాని పేరెత్తకుండా, "దాన్ని మీకు ఇస్తాను" అని ఇటాలియన్‌లో చెప్పి తనకు ఇమ్మనేవారు. ఆ భాషలో నిమ్మకాయ పుంలింగం, దాని బదులు "లో" అనాలి. కప్పు స్త్రీలింగం, దానికి "లా". ఆ మాట క్రియకు ముందు రావాలి. నేను మాత్రం తెలుగు అలవాటున "ఇస్తాను" అని ఊరుకునేదాన్ని.

"ఏంటి ఇస్తావు? నీ తలకాయా?"

"నిమ్మకాయేనండి అత్తయ్యగారూ, కనబడుతోందిగా!"

"నాకు కనబడుతోందమ్మా. అక్కడ చూపులేని ముసలాళ్లకి?"

ఆరు ఆదివారాలయ్యాక బాపట్లలోని ఒక కాన్వెంటులో పరీక్ష పెట్టారు. నన్ను లోపలికి పిలవబోతుంటే, తోడు వచ్చిన ఇన్నమ్మగారు అక్కడి సిస్టర్లతో, "ఈ అమ్మాయి ఇంకా సిద్ధంగా లేదు, మూడు నెలలు ఆగండి" అన్నారు. వాళ్లు సరేనన్నారు.  రేపల్లెలో బస్సు దిగాక ఉండబట్టలేక అడిగాను.

"నా వయసు దాటిపోతే ఏంటండి నా గతి?"

"దాటదమ్మాయ్. నీ సర్టిఫికెట్‌లో పుట్టినతేదీ చూసే అడిగాను. అప్పటికింకా పదకొండు రోజులుంటాయి. ఇవాళ పరీక్ష తప్పితే మళ్లీ పిలవరు వాళ్లు."

ఇంటికెళ్లి క్యాలెండరు ముందు కూర్చుని లెక్కపెట్టాను. సరిగ్గా పదకొండే. ఆ తరువాత పదమూడు ఆదివారాలు ఎదురు మాట్లాడకుండా చదివాను. నెగ్గాను.

ఇటలీలో మొదటి వారం, చూపు పోయిన ఒక పెద్దావిడ మంచం దగ్గర నిలబడ్డాను. "నా మాత్రేదీ?" అని ఆవిడ గుప్పిళ్లు బిగించింది. "ల్యేలా దో" అన్నాను. దాన్ని మీకు ఇస్తున్నాను అని. మాత్ర కూడా స్త్రీలింగమే, అందుకే "లా". అప్పుడు ఆవిడ అరచెయ్యి తెరిచింది. పదకొండేళ్లు ఆ పని చేశాను. ఇప్పటికీ మంచాన పడినవాళ్లకు ఏదైనా అందించాల్సి వస్తే, ఏమిటో చెప్పి, వాళ్ల చెయ్యి తెరుచుకునేదాకా ఆగుతాను.