పోయింది అన్న మాట

మా ఊరి కోర్టు హాల్లో ఫ్యాను ఒక చుట్టు తిరిగేలోపు ఒక వాయిదా పడుతుంది. రెండో చుట్టు పూర్తయ్యేలోపు ఇద్దరు వకీళ్ళు టీకి వెళ్ళి వస్తారు. ఆ ఫ్యాను కింద నేను ఏడాదిన్నర కూర్చున్నాను. నా మీద కేసు లేదు. నేనూ ఎవరి మీదా వేయలేదు. మా ఇంట్లోనూ ఫ్యాను ఉంది, గాలిపటాలను కూడా లేపగలిగినంత వేగంగా తిరుగుతుంది. కాకపోతే దాని కింద నేనొక్కడినే కూర్చోవాలి.

నేను అక్కడికి వెళ్ళడం మొదలుపెట్టేనాటికి మా ఆవిడ గిద్దలూరులో వాళ్ళ అక్క ఇంటికి వెళ్ళి ఆరు నెలలు. పెద్ద గొడవేమీ జరగలేదు. ఇరవై ఆరేళ్ళ కాపురంలో ఆమె అన్న ప్రతి మాటనూ నేను ఉప్పూ కారం వేసి, గోరంతను కొండంత చేసి, పదిమందికీ చెప్పి నవ్వించాను. మార్కాపురంలో నాకున్న పేరంతా ఆమె మాటలతో కట్టిన మేడే. ఒకరోజు ఆమె, "నేను చెప్పింది నీకు ఎప్పుడన్నా మాటగా వినపడిందా?" అని అడిగింది. నేను అది కూడా తీసుకెళ్ళి ఎదురింటాయనకు చెప్పాను, ఆమె గొంతుతో సహా. ఆయన నవ్విన నవ్వు మా వంటింటి దాకా వినపడింది. వెనక్కొచ్చేసరికి ఆమె కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడి ఉంది. మర్నాడు సంచి సర్దుకుని బస్సెక్కింది.

కోర్టుకు వెళ్ళిన మొదటిరోజు నా పక్కన ఒక రిటైరైన బస్సు కండక్టరు కూర్చున్నాడు. ఆయన మీసాల మీద రెండు కాకులు ఇబ్బంది లేకుండా వాలొచ్చు. ఇంట్లో ఎవరెవరు ఉంటారని అడిగాడు.

"నేనొక్కణ్ణే మామా. మా ఆమె పోయింది" అన్నాను.

మా వైపు పోవడమంటే వెళ్ళడమే. పిల్లలు బడికి పోతారు, బస్సు పోతుంది, కరెంటు అన్నిటికన్నా ముందు పోతుంది. మనిషి చనిపోయినా అదే మాట. రెండిట్లో ఏది తీసుకోవాలన్నది వినేవాడి ఇష్టం. కండక్టరు పెద్దది తీసుకున్నాడు. నా చెయ్యి పట్టుకుని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. బయటికి తీసుకెళ్ళి టీ ఇప్పించి, తన బిస్కెట్టు కూడా నా గ్లాసులోనే ముంచాడు. ఎప్పుడు పోయిందని అడిగితే ఆరు నెలలని చెప్పాను, అది నిజమే. ఏమైందని అడిగితే టీ తాగాను. సరిదిద్దుదామని అనుకునేసరికి బిస్కెట్టు కడుపులో ఉంది. ఒకరి బిస్కెట్టు తిన్నాక పెళ్ళాన్ని మళ్ళీ బతికించడం మర్యాద కాదు.

మర్నాటి నుంచి ఆయన నాకోసం బెంచీ మీద తన తువ్వాలు పరిచి చోటు పట్టేవాడు. ఎవరన్నా కూర్చోబోతే, పాపం భార్య పోయిన మనిషి వస్తాడని పంపించేసేవాడు. ఆ తువ్వాలు కోసం నేను మా ఆవిడను చంపేశాను. ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

మా బెంచీలో మూడో మనిషి ఒక అవ్వ. యర్రగొండపాలెం పక్క పల్లెటూరు. పొలం గట్టు తగాదా కేసుకు పద్నాలుగేళ్ళు వాయిదాలకు తిరిగింది. చివరికి తీర్పొచ్చింది, గెలిచింది కూడా. గెలిచిన మరుసటి సోమవారం ఏం చేయాలో తెలియక పొద్దున్నే బస్సెక్కి మళ్ళీ కోర్టుకే వచ్చింది. అప్పటి నుంచి కొంగులో వేరుశనక్కాయలు కట్టుకుని వచ్చి, ఎవరి కేసు నడుస్తుంటే ఆ కేసు వింటుంది. ముగ్గురం కలిసి దొంగతనాలు, దారి తగాదాలు, ఒక గేదె కేసు, ఇలా చాలానే విన్నాం.

నేను అక్కడ కూర్చున్న రెండో ఎండాకాలంలో ఒక హత్య కేసు విచారణకు వచ్చింది. ముద్దాయి పలకల గనిలో రాళ్ళు చీల్చే మనిషి, నలభై దాటి ఉంటాయి. అతని భార్య కనపడకుండా పోయిన తొమ్మిదో రోజున పాత గనిలో నిలిచిన నీళ్ళలో శవమై తేలింది. ఇతనే తోసేశాడని కేసు. మాటా మాటా అనుకున్నాం, పుట్టింటికని బయల్దేరింది, ఆ తర్వాత నాకేమీ తెలియదని అతను. నేరం రుజువైతే యావజ్జీవం.

హాలు కిక్కిరిసింది. సంతకు వచ్చినవాళ్ళు సంత మానేసి వచ్చారు. సాయంత్రం కాగానే కోర్టు ఎదురుగా టీ కొట్టు దగ్గర రెండో కోర్టు నడిచేది. అక్కడ జడ్జి మా కండక్టరే. ముప్పై మూడేళ్ళు మనుషుల ముఖాలు చూసిన అనుభవం ఆయనది. టికెట్టు ఉన్నవాడు కండక్టరు కళ్ళలోకి చూస్తాడట, లేనివాడు కిటికీలోంచి చూస్తాడట. ముద్దాయి మొదటిరోజు నుంచీ కిటికీలోంచే చూస్తున్నాడు.

"వీని దగ్గర టికెట్టు లేదు" అని ఆయన మొదటిరోజే తీర్పు చెప్పాడు.

సాక్షులంతా అయ్యాక, ముద్దాయే సాక్షిగా బోనెక్కాడు. అది అరుదు. లోపల నోరు తెరిచిన ముద్దాయి బయటపడడని కోర్టు మెట్ల మీది కుక్కకు కూడా తెలుసు. ఎదుటి వకీలు, అంటే సర్కారు తరఫు పీపీ గారు, గుంటూరు అవతలి మనిషి. ఆయన భాషలో మనుషులు వెళ్తారు, ప్రాణాలు పోతాయి.

"మీ ఆవిడ కనపడని రోజు పొద్దున్నే పక్కింటామెతో ఏమన్నావు?"

"మా ఆమె పోయింది అన్నా సార్."

"శవం దొరికింది తొమ్మిదో రోజున. పోయిందని నీకు మొదటిరోజే ఎలా తెలుసు?"

"పోయింది గాబట్టి పోయింది అన్నా."

జడ్జి గారు సాక్ష్యాన్ని ఇంగ్లీషులో చెప్పి టైపు చేయిస్తారు. ఆయన ఆగిపోయారు. ఆ ఒక్క మాటకు ఇంగ్లీషులో రెండు మాటలున్నాయి. ఒకటి టైపు కొడితే మనిషి ఇంటికి, ఇంకోటి కొడితే జైలుకు. టైపిస్టు వేళ్ళు గాల్లోనే ఉండిపోయాయి. ఫ్యాను నాలుగు చుట్లు తిరిగింది, అంటే ఒక యుగం. చివరికి అన్న మాటను అన్నట్టే తెలుగులో పెట్టమన్నారు.

పీపీ గారు వదల్లేదు. బల్ల మీద నుంచి చెక్క చట్రం లేని ఒక పలక ఎత్తి చూపించారు. ఆ ఎనిమిది రోజులూ ముద్దాయి ఇంటి తలుపుకు వేలాడిన పలక అది. సుద్దతో రాసిన అక్షరాలు ఇంకా ఉన్నాయి. "గనికి పోయినా, తాళం చెవి పక్కింట్లో" అని. చంపినవాడు ఊరి కళ్ళు కప్పడానికి ఆడిన నాటకం ఇదని ఆయన వాదన.

ముద్దాయి వకీలు కంభం మనిషి. నిదానంగా లేచాడు. "అయ్యా, పీపీ గారి లెక్కన ఈ పలక ప్రకారం నా కక్షిదారుడు గూడా పోయినాడు. చచ్చినోని మీద కేసు నడవదు."

హాలు పగలబడి నవ్వింది. కిటికీ రెక్కలు కొట్టుకున్నాయి. జడ్జి గారు కూడా ఫైల్లో ఏదో వెతుకుతున్నట్టు తల దించుకున్నారు. కండక్టరు నా తొడ మీద చరిచి మరీ నవ్వాడు. నేను ముద్దాయి వంక చూశాను. తను రాసుకున్న మాటకు రెండొందల మంది నవ్వుతుంటే అతను కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. ఆ చూపు నేను అంతకు ముందొకసారి చూశాను, మా వంటింట్లో. అది టికెట్టు లేని చూపు కాదు.

నవ్వులు ఆగాక పీపీ గారు అడిగారు. "ఎనిమిది రోజులు భార్యను వెతకడానికి కాలు కదపని వాడివి, తాళం చెవి మాత్రం ఎందుకు పెట్టావు?"

"వస్తే ఎండలో నిలబడాల్సొస్తాదని సార్."

"అంత ప్రేమ ఉంటే వెళ్ళి పిలుచుకు రావచ్చుగా?"

అతను కిటికీ వైపు నుంచి తల తిప్పాడు. తర్వాత బోను కర్రతో చెప్తున్నట్టు అన్నాడు. "నేను పోతే, రాను అంటాదేమోనని."

ఆ సాయంత్రం టీ కొట్టు దగ్గర ఓట్లు పడ్డాయి. ఎండలో నిలబడే మాట వకీలు నేర్పిందని ఒకరు, గనిలో పనిచేసేవాడికి అంత మెత్తటి మాట ఎక్కడిదని ఇంకొకరు. కన్నీటి బొట్టు రాలలేదని అందరూ. అవ్వను అడిగితే కాయ ఒలుస్తూ, నా ఓటు యర్రగొండపాలెంలో ఉందని చెప్పి తప్పుకుంది. కండక్టరు నా వైపు తిరిగాడు.

"నువ్వు పెండ్లాన్ని పోగొట్టుకున్నోనివి. నువ్వు చెప్పు నాయనా. ఎవడన్నా ఎనిమిది రోజులు ఊరికే ఉంటాడా?"

నేను అప్పటికి రెండేళ్ళుగా ఊరికే ఉన్నాను. నా ఇంటి తాళం చెవి ఆ క్షణాన కరెంటు మీటరు వెనక మేకుకు వేలాడుతోంది. ఆమె వెళ్ళిన రోజు నుంచీ అక్కడే. ఇంట్లోంచి బయటికొచ్చిన ప్రతిసారీ తాళం వేసి, చెవి అక్కడ తగిలించి వస్తాను. ఆ మేకు సంగతి ప్రపంచంలో ఇంకొక్క మనిషికే తెలుసు. ఆ మనిషిని ఎందుకు పిలుచుకు రాలేదని ఆ బోనులో నన్ను అడిగితే నా జవాబూ అదే, అక్షరం తేడా లేదు. అక్కడున్న ఆ గుంపులో ఆ ముద్దాయి చెప్పింది అబద్ధం కాదని తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. అది చెప్పాలంటే మా ఆవిడ బతికుందని చెప్పాలి. తువ్వాలు పోతుంది.

"ఉండడు మామా" అన్నాను.

నాకు ఇంకో టీ వచ్చింది, చక్కెర ఎక్కువేసి. ఆ తీపి గిద్దలూరు దాకా కారి ఉంటుంది.

కొన్ని వారాలకు తీర్పు వచ్చింది. నేరం రుజువు కాలేదు, వదిలేశారు. పెళ్ళిభోజనం అయిపోయిందని విన్న మొహాలతో జనం లేచారు. ముద్దాయి కదల్లేదు. గుమాస్తా దగ్గరికి వెళ్ళి ఆ పలక ఇస్తారా సార్ అని అడిగాడు. అప్పీలు గడువు దాటేదాకా ఇవ్వరని గుమాస్తా చెప్పాడు. అతను తల ఊపి మెట్లు దిగాడు. అతని కోసం ఎవరూ రాలేదు. జనం రెండుగా చీలి దారి ఇచ్చారు, ఒంటికి తగలకుండా. నా పక్కనుంచే వెళ్ళాడు. నేనూ అందరిలాగే ఒక అడుగు వెనక్కి వేశాను. 

"టికెట్టు లేకుండా దిగిపోయినాడు" అన్నాడు కండక్టరు, కొట్టు దగ్గర టీ గ్లాసు అందుకుంటూ.

"మామా, మా ఆమె గిద్దలూరులో ఉండాది" అన్నాను.

"ఎవరామె?"

"మా ఆమె. పోయింది అంటే వాళ్ళక్క ఇంటికి పోయింది."

ఆయన గ్లాసు కింద పెట్టాడు. తువ్వాలు తీసి దులిపాడు. అందులో ధూళి లేదు, అయినా చాలాసేపు దులిపాడు. "ఏడాదిన్నర నా చేత అయ్యో అనిపించినావు గదరా" అని, దాన్ని భుజాన వేసుకుని, వెనక్కి చూడకుండా పోయినాడు. ఈసారి ఆ మాటకు నాకు ఒకటే అర్థం వినపడింది.

అవ్వ కదల్లేదు. "నాకు తెలుసులే నాయనా" అంది. ఎట్ల అని అడిగాను.

"ఒంటిగా బతికేటోళ్ళు లేస్తూనే జేబు తడుముకుంటారు, తాళం చెవి ఉండాదా అని. నేను బొడ్లో సంచి తడుముకోనూ? నువ్వు ఒక్కనాడూ తడుముకోలా."

మర్నాడు తాళం వేసి, చెవి మేకుకు తగిలించకుండా జేబులో వేసుకుని గిద్దలూరు బస్సెక్కాను. అది జేబులో గునపమంత బరువుంది. వాళ్ళక్క ఇంటి గుమ్మంలో మా ఆవిడ కూర్చుని చీరకు ఫాల్సు కుడుతోంది. నన్ను చూసి సూది ఆపింది.

"ఎవరు పోయినారు?" అని అడిగింది. మా వైపు పని రోజున చెప్పకుండా వచ్చే మనిషి చావు కబురే తెస్తాడు.

"ఎవరూ పోలేదు" అన్నాను.

నాలుక మీద ఒక వంద హాస్యాలు లైను కట్టి నిలబడ్డాయి. పంపించేశాను. గుమ్మం అవతలే కూర్చుని ఆ ముద్దాయి సంగతి చెప్పాను. పలక, చెవి, ఎండ, కిటికీ. నా ఓటు కూడా చెప్పాను. తువ్వాలు కోసం ఆమెను చంపిన సంగతీ చెప్పాను. జీవితంలో మొదటిసారి ఒక్క గింజ కూడా కలపకుండా చెప్పినందుకేమో, ఐదు నిమిషాల్లో అయిపోయింది. ఆమె నవ్వలేదు. నేనూ నవ్వించలేదు.

"ఆయప్ప ఇప్పుడు ఏడుండాడు?"

"తెలీదు."

ఆమె మళ్ళీ కుట్టడం మొదలుపెట్టింది. నేను జేబులోంచి చెవి తీసి గడప మీద పెట్టాను. దాని వంక చూసి పళ్ళతో దారం కొరికింది.

"దీన్ని ఎందుకు తెచ్చినావు? పో, పోయి ఆడ్నే తగిలించు. ఎవరన్నా వస్తే ఎట్ల?"

ఎవరు అని నేను అడగలేదు. ఆమె చెప్పలేదు. వాళ్ళక్క మంచినీళ్ళిచ్చింది. చెవి తీసుకుని మధ్యాహ్నం బస్సుకు తిరిగొచ్చాను.

తర్వాతి సోమవారం కోర్టుకు వెళ్తే బెంచీ మీద తువ్వాలు లేదు. కండక్టరు రెండు వరసల ముందు కూర్చున్నాడు, మెడ తిప్పకుండా. నేను చివర చోటు చూసుకుని కూర్చున్నాను. ఏదో కరెంటు మోటారు దొంగతనం కేసు. అవ్వ వచ్చి పక్కన కూర్చుని నాలుగు వేరుశనక్కాయలు నా చేతిలో పోసింది. సాయంత్రం లేచేటప్పుడు నా చెయ్యి వంక చూసింది. అది జేబు వైపు వెళ్ళలేదు.