లింగవ్వ చేతి సల్ల

అరవై ఏళ్లకు పైగా ఒక ఇత్తడి చెంబు బరువు మోస్తున్నాను. చెంబు ఎప్పుడో పోయింది. బరువు పోలేదు. నువ్వెవరో నాకు తెలియదు, నా పేరు నీకు చెప్పను. అందుకే నీకు చెప్పగలుగుతున్నానేమో. పెద్దయ్యాక నేర్చుకున్న అక్షరాలు, చెయ్యి ఆగి ఆగి నడుస్తుంది. ఓపిక పట్టు.

లింగవ్వ పేరు మా నల్లగొండ దిక్కు తెలియనివాళ్లు లేరు. ముగ్గురు కులపెద్దలకు సల్లలో విషం కలిపి చంపిన మనిషి. చిన్నపిల్ల రూపంలో బాట మీద నిలబడి, దాహంతో వచ్చినవాళ్లకు మజ్జిగ చెంబు అందిస్తుందని చెప్పుకుంటారు. అన్నం తినని పిల్లలను ఆమె పేరుతో బెదిరిస్తారు. నేనూ బెదిరించాను. నా మనవరాలికి ముద్ద కలుపుతూ "లింగవ్వ వస్తాంది, జల్ది తిను" అన్నాను. అది దడుచుకుని నోరు తెరిచింది. ఆ పూట నాకు అన్నం సయించలేదు.

లింగవ్వ ఏ రూపమూ మార్చలేదు. ఆ చిన్నపిల్లను నేనే.

నిజాం పాలన పోయి నాలుగైదేళ్లయింది. నాకు పన్నెండేళ్లు. అమ్మ చనిపోయింది, నాయిన మళ్లీ పెళ్లి చేసుకున్నాడు. చిన్నమ్మ నన్ను కొట్టలేదు, తిట్టలేదు, పేరు పెట్టి పిలవనూ లేదు. పొద్దున మేకలను తోలుకుపోతే పొద్దుగూకే దాకా నాతో మాట్లాడే మనిషి లేదు. మేకలతో ఎంతసేపని మాట్లాడతాం?

పానగల్ పోయే బండ్ల బాట పక్కన, గుట్ట కింద లింగవ్వ గుడిసె ఉండేది. ఆమెది పక్క ఊరు, మాలాగే గొర్లు కాసే కులం. భర్త పోయాక మరిదిని మనువాడమని పెద్దలు చెబితే ఆమె ఒప్పుకోలేదు. ముగ్గురు పెద్దలు కూర్చుని వెలివేశారు. ఆమెకు నిప్పు ఇవ్వొద్దు, నీళ్లు ఇవ్వొద్దు, ఆమె చేతివి తాగొద్దు. ఆ ఎండాకాలం ఆమె రెండేళ్ల కూతురికి జ్వరం వచ్చింది. ఊరి బావి దగ్గరికి రానివ్వలేదు. ఎండిన వాగులో చెలిమ తీసి, నీళ్లు ఊరిందాకా కూర్చుని, ముంత నింపుకుని వచ్చేసరికి పిల్ల లేదు. బతికుంటే నా ఈడుదే. ఇదంతా ఆమె నా తల దువ్వుతూ చెప్పింది, ఎవరి సంగతో చెప్పినట్టు.

అమ్మ పోయాక నా తల దువ్విన మనిషి ఆమె ఒక్కతే. పేలు చూసేది, ఆముదం రాసి జడ వేసేది. "బిడ్డా" అనేది. ఆ మాట కోసం రోజూ గుట్ట దిగి పోయేదాన్ని. వెలిపడ్డ మనిషి దగ్గరికి పోతున్నానని ఇంట్లో చెప్పలేదు. అడిగినవాళ్లూ లేరు.

ఆ ముగ్గురూ అంగడికి ఆ బాటనే పోయేవారు. నాలుక పిడచకట్టినా ఆమె చేతివి ముట్టరు. నా చేతివి తాగుతారు. నన్ను ఎందుకు చేరదీసిందో ఇప్పుడు నీకు తెలిసిపోయి ఉంటుంది. నేను కావాలనుకుందా, నా చెయ్యి కావాలనుకుందా? రెండూనేమో. తేల్చుకోవడానికి ఇన్నేళ్లూ చాలలేదు.

ఇత్తడి చెంబులో సల్ల ఇచ్చి, ఆ పెద్దలు వస్తే పొయ్యమని, గుడిసె కనిపించని మలుపులో తుమ్మచెట్టు కింద నిలబడమంది. మొదటివాడు తాగి పోయాడు. మర్నాడు చనిపోయాడని తెలిస్తే ఎండదెబ్బ అనుకున్నాను, అందరిలాగే. నెల తిరక్కుండా రెండోవాడు. ఆ రోజు చెంబు అడుగున గుక్కెడు మిగిలింది. గుడిసెకు తిరిగొచ్చి నోటికి ఎత్తుకున్నాను. లింగవ్వ ఉరికొచ్చి చెంబును కొట్టింది. సల్ల అంతా నేలపాలైంది.

"నువ్వు తాగకు బిడ్డా."

"ఎందుకత్తా?"

"గది నీకు గాదు. గాళ్లకే."

ఆ ఇద్దరూ ఎట్లా పోయారో అర్థమైంది.

మూడోవాడు వచ్చిన రోజు ఆమె నన్ను బెదిరించిందని రాస్తే ఎంత బాగుండేది. బెదిరించలేదు. చెంబు నా ముందు పెట్టి, "ఇష్టం లేకుంటే ఇంటికి పో" అంది. ఇల్లు తలుచుకున్నాను. అక్కడ నన్ను పిలిచేవాళ్లు ఎవరు? చెంబు తీసుకున్నాను.

ముసలివాడు, కుంటుకుంటూ వచ్చాడు. ఎండకు పెదాలు పగిలి ఉన్నాయి.

"మనోల్ల బిడ్డవేనా?"

"మనోల్లనే తాతా."

చెంబు అందించాను. చెంబు ఎత్తి గటగటా తాగాడు. పారబొయ్యి తాతా అని ముందే ఒక్క మాట అని ఉంటే చాలు. నోరు రాలేదా, నేనే తెరవలేదా? తెరవలేదు. ఆయన మూతి తుడుచుకుని, లింగవ్వ దువ్విన నా తల మీద చెయ్యి పెట్టాడు.

"సల్లగుండు బిడ్డా" అన్నాడు.

ఆయన ఇల్లు చేరాడు. మనవాళ్ల చిన్నపిల్ల సల్ల పోసిందని చెప్పి ప్రాణం విడిచాడు. చచ్చిన ముగ్గురూ ఆమెను వెలివేసినవాళ్లే, ముగ్గురూ ఆ బాటన ఇల్లు చేరాకే ప్రాణం పోయినవాళ్లే. పోలీసులు లింగవ్వను పట్టుకున్నారు. "నేనే పోసిన. నా చేత్తోనే తాగిండ్రు" అంది. ముసలాయన కొడుకులు ఆమె మీదికి లేచారు. తండ్రి చనిపోయినందుకు కాదు, వెలిపడ్డదాని చేతిది తాగాడని అన్నందుకు. ఆ మాట ఒప్పుకోలేక ఊరే ఇంకో దారి వెతుక్కుంది. చిన్నపిల్ల రూపం ఎత్తి మోసం చేసిందన్నారు. ఇక ఆ పిల్లను ఎవరు వెతుకుతారు?

ఆమెను తీసుకుపోతుంటే నేనూ గుంపులో నిలబడ్డాను. ఆమె వేసిన జడ ఇంకా విప్పలేదు. నా మీదుగా చూసి, ఎరగనట్టే పోయింది. నన్ను కాపాడింది. నాకు మాత్రం ఒక్కసారి చూస్తే బాగుండుననిపించింది. జైల్లోనే పోయిందని తర్వాత విన్నాను.

నన్ను కొల్లాపూర్ దిక్కు ఇచ్చారు. మంచి మొగుడు, పిల్లలు, మనవలు. ఒక్క రోజూ పస్తు లేదు. ఆ ముసలాయన దీవెన అచ్చంగా ఫలించింది, అదే నాకు పడిన శిక్ష. క్షమించమని ఎవరిని అడగను? అడగాల్సినవాళ్లు మిగల్లేదు.

ఎండాకాలం మా గడపలో ఎవరైనా దూపైతాంది, నీళ్లు పొయ్యమని ఆగితే నేను లేవను. కోడలే చెంబు తీసుకుపోతుంది. వాళ్లు తాగి దీవిస్తారని నేను లోపల చెవులు మూసుకుంటాను. ఇందాక ఇది రాస్తుండగా గొర్ల కాపరి ఒకడు వచ్చాడు. చేతిలో కలం ఉంది, చెవులు మూసుకోలేదు. "సల్లగుండు బిడ్డా" అన్నాడు మా కోడలిని.

విన్నాను.