లోపల జాగ లేని కంప్యూటర్

మా నాన్న తమ్ముడు, మా కాక పోయారు. పొద్దున సుబేదారిలో షాపు షట్టర్ ఎత్తుతూ కూలబడ్డారు. దవాఖానకు చేరేలోపే అయిపోయింది. ఆయనది ఫ్లెక్సీలు కొట్టే షాపు. హసన్‌పర్తి నుంచి కాజీపేట దాకా ఎవరింట్లో చావు జరిగినా శ్రద్ధాంజలి ఫ్లెక్సీకి మా దగ్గరికే వచ్చేవారు. ఇంటర్ తప్పి ఇంట్లో కూర్చున్న నన్ను తీసుకెళ్లి, డిజైన్ నేర్పి, నా కాళ్ల మీద నన్ను నిలబెట్టింది ఆయనే.

మా కంప్యూటర్ పాతది, మొండిది. పాస్‌వర్డ్ కొడితే తెర ఒక్క క్షణం నల్లబడి మళ్లీ పాస్‌వర్డే అడిగేది. తప్పు కొట్టానేమోనని నేను కంగారు పడేదాన్ని. "తాళంచెవి సరైందే బిడ్డా, లోపల కూసునే జాగ లేదు" అని కాక నవ్వేవారు. డిస్కు నిండితే అంతేనట. ఏవో మీటలు నొక్కి, ఉత్త అక్షరాలే ఉండే నల్ల తెర తెచ్చి, అక్కడ ఫైళ్లు తీసేసేవారు. ముందు వేటు లీడర్ల పుట్టినరోజు ఫ్లెక్సీల మీదే. "వీళ్లకేంది, వచ్చే ఏడు కొత్త ఫొటోతోని వస్తరు" అనేవారు.

పోయినవాళ్ల ఫొటో మాత్రం ఒక్కటీ తీయనిచ్చేవారు కాదు. ఫోన్ పాడై, ఉన్న ఒక్క ఫొటో పోగొట్టుకుని, సంవత్సరీకానికి మా గుమ్మంలో బిక్కమొహంతో నిలబడేవాళ్లను ఆయన చూశారు మరి.

ఆయన పెద్దకర్మకు ఫ్లెక్సీ వేద్దామని కూర్చున్న రోజే ఆ కంప్యూటర్ మొరాయించింది. చాయ్ తాగుతూ నవ్విన ఫొటో కావాలని కాక భార్య, మా చిన్నమ్మ అడిగింది. అది అందులోనే ఉంది. ఇంకెక్కడా కాక సరిగా ఫొటో దిగలేదు. రిపేరు చేసే అతను పాతవి బయటికి తీయడం తనకు రాదని, అంతా తుడిచి కొత్తగా వేద్దామని అన్నాడు, వద్దన్నాను. నల్ల తెర తెచ్చాను. లీడర్లను కాక ఎప్పుడో ఊడ్చేశారు. మిగిలినవన్నీ చనిపోయినవాళ్ల పేర్లే. అక్కడి నుంచి పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించడం నాకు రాదు. కాక నేర్పింది తీసెయ్యడం ఒక్కటే. అడుగుదామంటే ఆయన లేరు.

కొందరిని తీసేస్తే తెరుచుకుంటుందని చిన్నమ్మకు చెప్పాను. ఆమె ఆ పేర్లను చాలాసేపు చూసింది.

"ఎవలను తీస్తవ్ బిడ్డా? అందరికీ ఇంటోళ్లున్నరు. బంద్ చెయ్యి."

బంద్ చేశాను.

ఆధార్ కార్డు మీది గోరంత ఫొటోనే పక్క షాపులో పెద్దది చేయించాం. పెద్దకర్మ నాడు ఇంటి ముందు కట్టాక చూస్తే, దగ్గర నుంచి అన్నీ బూడిదరంగు గళ్లే, మొహం లేదు. చిన్నమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వెనక్కి వెనక్కి నడిచింది. రోడ్డు దాటి, అవతలి గోడకు వీపు ఆనేదాకా వెళ్లింది. అక్కడి నుంచి గళ్లన్నీ కలిసిపోయి కాక కనిపించారు. భోజనాలకు ఎంత పిలిచినా ఆమె ఆ గోడ దగ్గర నుంచి రాలేదు.